మంచు పువ్వులకు ఫొటోలు తీసిన రైతు

ఈసారి మన గోడ పత్రికలో గొప్పవారి జీవితం రాసే వంతు నాకు వచ్చింది. ఎప్పుడూ రాజుల గురించి, నాయకుల గురించి రాస్తుంటారు. నేను ఒక రైతు గురించి రాస్తున్నాను. ఆయన పొద్దున్న, సాయంత్రం ఆవుల పాలు పితికేవాడు. మంచు పడినప్పుడు సూక్ష్మదర్శినికి కెమెరా తగిలించి ఫొటోలు తీసేవాడు. పేరు విల్సన్ బెంట్లీ. ఆయన చనిపోయి 90 ఏళ్లు దాటిపోయింది. అయినా మంచు బొమ్మ ఎక్కడ కనిపించినా ఆయన పేరు చెప్తారు.

ఈయన గురించే ఎందుకు రాస్తున్నానో ముందు చెప్తాను. మొన్న వానాకాలంలో సైన్సు మేడం బీరువాలో నుంచి సూక్ష్మదర్శిని తీసి మాకు ఉల్లిపొర చూపించారు. అందరం వరసలో నిలబడి ఒక్కొక్కరం వంగి చూశాం. తర్వాత రికార్డులో బొమ్మ గియ్యమన్నారు. గీశాం. మేడం దిద్దుతూ దిద్దుతూ నవ్వేశారు. క్లాసు మొత్తానిదీ ఒకటే బొమ్మ. అది పాఠ్యపుస్తకంలో ఉన్న బొమ్మ! నేను నిజంగా చూసినప్పుడు ఒక గుండ్రటి గాలి బుడగ కనిపించింది. పొర ఒక మూల మడత పడి ఉంది. అవి రెండూ నా బొమ్మలో లేవు. కంటితో చూసింది ఒకటి, చేత్తో గీసింది ఇంకొకటి. నాకు సిగ్గేసింది. అప్పుడు మేడం బెంట్లీ సంగతి చెప్పారు. తర్వాత లైబ్రరీలో చదివి, మేడాన్ని అడిగి ఇది రాశాను.

బాల్యం

విల్సన్ బెంట్లీ 1865వ సంవత్సరం ఫిబ్రవరి 9న అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలో జెరికో అనే పల్లెలో పుట్టాడు. వెర్మాంట్ కెనడా దేశం సరిహద్దులో ఉంటుంది. కొండల ప్రాంతం. అక్కడ చలికాలం చాలా పొడుగు. నెలల తరబడి నేలంతా తెల్లగా మంచు కప్పుకొని ఉంటుంది. మన దగ్గర పొద్దున్నే కమ్మే పొగమంచు కాదు. ఆకాశం నుంచి దూదిలాగా రాలే మంచు.

తండ్రి వ్యవసాయం చేసి ఆవుల్ని పెంచేవాడు. తల్లి పేరు ఫానీ. ఆమె పెళ్లి కాకముందు బడిలో టీచరు. విల్సన్‌కు చార్లెస్ అని ఒక అన్న. విల్సన్‌కు 14 ఏళ్లు వచ్చేదాకా తల్లి ఇంట్లోనే చదువు చెప్పింది. ఆమె దగ్గర విజ్ఞాన సర్వస్వం పుస్తకాలు ఉండేవి. అవన్నీ ఆ పిల్లాడు చదివేశాడంట. ఇప్పుడు నా వయసు కూడా 14. మా అమ్మకు చదువు రాదు. మా ఇంట్లో మొదట బడికి వచ్చింది నేనే. అందుకని ఇంట్లో టీచరు ఉండడం ఎంత అదృష్టమో నాకు తెలుసు.

విల్సన్‌కు 15 ఏళ్లప్పుడు తల్లి ఒక పాత సూక్ష్మదర్శిని ఇచ్చింది. దాని కింద నీటిచుక్క పెట్టి చూశాడు, రాయి ముక్క పెట్టి చూశాడు, పక్షి ఈక పెట్టి చూశాడు. మంచు పడిన రోజున ఒక మంచు రేకు పెట్టి చూశాడు. అంతే, ఇక వదల్లేదు. చనిపోయేదాకా దాన్నే చూశాడు.

ఆ మంచు రేకులో ఏముందంటే, అది పైకి తెల్లటి నలుసులాగా కనిపిస్తుంది గాని దగ్గరగా చూస్తే ముగ్గు. ఆరు కొమ్మలు. ఒక్కో కొమ్మకు మళ్లీ చిన్న చిన్న రెమ్మలు. కొన్నిటికి కొమ్మలు ఉండవు, ఆరు మూలల పలకలాగా ఉంటాయి. పక్క రేకు చూస్తే అది ఇంకో ముగ్గు.

ఆరే ఎందుకు? మేఘంలో చాలా చలిగా ఉన్నప్పుడు నీటి ఆవిరి, నీళ్లు కాకుండానే నేరుగా మంచుగడ్డ అవుతుంది. ముందు ఒక సన్నటి దుమ్ము రేణువును పట్టుకొని మొదలవుతుంది. నీటి అణువులు గడ్డ కట్టేటప్పుడు ఆరేసి కలిసి వలయాలుగా చేరతాయి. తేనెపట్టులో గదులు ఆరు మూలలతో ఉంటాయి కదా, అట్లాగ. అందుకని మంచు స్ఫటికానికి కూడా ఆరు వైపులు వస్తాయి. ఆ మూలలు బయటికి పొడుచుకొని ఉంటాయి కాబట్టి ఆవిరి వాటికే ఎక్కువ అంటుకుంటుంది. మూలలు కొమ్మలవుతాయి. స్ఫటికాలకు ఆరు ఎందుకు వస్తుందని 1611లోనే కెప్లర్ అనే ఖగోళ శాస్త్రవేత్త చిన్న పుస్తకం రాశాడు. ఆయన కాలంలో అణువుల సంగతి తెలియదు కాబట్టి పూర్తి జవాబు దొరకలేదు.

విల్సన్ తను చూసినవన్నీ కాగితం మీద గీసేవాడు. కాని మంచు ఆగుతుందా? సగం గీసేసరికి కరిగిపోయేది. ఊపిరి తగిలినా పోయేది. మిగతా సగం గుర్తు పెట్టుకొని గియ్యాలి. గుర్తు పెట్టుకొని గీస్తే అది చూసిన బొమ్మ అవుతుందా, ఊహించిన బొమ్మ అవుతుందా? ఒక రేకు కరిగిపోతే అలాంటిది మళ్లీ దొరకదు. అది ఉండేదని ఎవరికైనా చూపిద్దామన్నా ఏమీ మిగలదు. ఇట్లా కొన్ని చలికాలాలు గడిచాయి.

కెమెరా వచ్చింది

సూక్ష్మదర్శినికి కెమెరా తగిలించి ఫొటో తియ్యొచ్చని విల్సన్‌కు తెలిసింది. కాని ఖరీదు దాదాపు 100 డాలర్లు. ఆ రోజుల్లో రైతుకు అది చాలా పెద్ద డబ్బు. తండ్రికి మంచు కోసం డబ్బు పెట్టడం పిచ్చి పనిలాగా అనిపించింది. మంచు అంటే ఆయనకు పారతో ఎత్తి పారేసేది. తల్లి నచ్చజెప్పింది. చివరికి కొని ఇచ్చారు.

కెమెరా వచ్చినంత మాత్రాన ఫొటో రాలేదు. మొదట్లో అన్నీ మసక నీడల్లాగా వచ్చాయి. నేర్పించేవాళ్లు ఎవరూ లేరు. తనే తప్పు చేసి, తనే దిద్దుకున్నాడు. కాంతి వచ్చే రంధ్రాన్ని బాగా చిన్నది చేసి, ఎక్కువసేపు కాంతి తగలనిస్తే గీతలు స్పష్టంగా వస్తాయని చివరికి తెలుసుకున్నాడు. 1885వ సంవత్సరం జనవరి 15న ఒక మంచు స్ఫటికం ఫొటో చక్కగా వచ్చింది. అప్పటికి ఆయనకు 20 ఏళ్లు నిండడానికి ఇంకా 25 రోజులు ఉంది. మంచు స్ఫటికాలకు సూక్ష్మదర్శినితో ఫొటోలు తీసిన మొదటివాళ్లలో ఆయన ఒకడు అయ్యాడు. చనిపోయేదాకా అదే కెమెరా వాడాడు. కొత్తది కొనలేదు.

ఎలా తీసేవాడు

ఇది నాకు బాగా నచ్చిన భాగం. జాగ్రత్తగా చదవండి.

మంచు పడడం మొదలవగానే నల్లటి పలక ఒకటి పట్టుకొని బయట నిలబడేవాడు. నలుపు మీద తెల్లటి రేకులు బాగా కనిపిస్తాయి. భూతద్దంతో చూసి, విరగనిది ఎంచుకొనేవాడు. మిగతావి ఈకతో తుడిచేసేవాడు. ఎంచుకున్నదాన్ని చీపురు పుల్లతో మెల్లగా ఎత్తి గాజు పలక మీద పెట్టేవాడు. ఈకతో అది పలకకు అతుక్కొనేలా సుతారంగా అదిమేవాడు. వేలితో ముట్టుకోకూడదు, కరిగిపోతుంది. ఊపిరి కూడా బిగబట్టేవాడు.

ఇదంతా వేడి లేని కొట్టంలో చెయ్యాలి. పొయ్యి పెట్టుకుంటే మంచు ఉండదు. వేళ్లు కొంకర్లు పోయినా అక్కడే నిలబడాలి. సూక్ష్మదర్శిని గొట్టం చివర కెమెరా ఉంటుంది. కెమెరా వెనక గరుకు అద్దం మీద బొమ్మ పడుతుంది. కాని అక్కడ నిలబడి బొమ్మ చూస్తుంటే, ముందున్న మర తిప్పడానికి చెయ్యి అందదు. అందుకని చక్రాలు, దారం కట్టి, వెనక నుంచే మర తిరిగేటట్టు తనే తయారు చేసుకున్నాడు. వెలుతురు కిటికీలో నుంచి వచ్చేది. అది మంచు రేకు గుండా దూరి కటకంలోకి వెళ్లేది.

అప్పుడు మనకు తెలిసిన ఫోన్ కెమెరాలు లేవు. గాజు పలక మీద వెండి లవణాల పూత ఉండేది. వెలుతురు తగిలిన చోట ఆ పూత మారుతుంది. తర్వాత మందు నీళ్లలో కడిగితే తగిలిన చోట నల్లగా అవుతుంది. అంటే తెల్లది నల్లగా, నల్లది తెల్లగా తిరగబడి వస్తుంది. దాన్ని నెగటివ్ అంటారు. ఒక్కో ఫొటోకు 10 సెకన్ల నుంచి 100 సెకన్ల దాకా వెలుతురు తగలనివ్వాలి. అంతసేపూ ఆ రేకు కరగకూడదు, కదలకూడదు. మీరు ఒకటి నుంచి వంద దాకా లెక్క పెట్టి చూడండి, ఎంతసేపో తెలుస్తుంది.

ఇట్లా ఒక్కొక్కటే తీసి 5,000 పైగా ఫొటోలు చేశాడు. అన్నిట్లో ఏ రెండూ ఒకేలాగా కనిపించలేదు. మంచు రేకులు ఏ రెండూ ఒకేలా ఉండవు అనే మాట లోకంలో పాకింది ఈయన వల్లే. 1988లో నాన్సీ నైట్ అనే అమెరికా శాస్త్రవేత్తకు చూడడానికి ఒకేలా ఉన్న రెండు చిన్న స్ఫటికాలు దొరికాయి. కాని అవి కొమ్మలు లేని సాదా రకం. కొమ్మలున్న పెద్ద రేకులు ఒకేలా దొరకడం దాదాపు జరగని పని. ఎందుకంటే ఒక్కో రేకు మేఘంలో ఒక్కో దారిలో దిగుతుంది. ఆ దారిలో తగిలిన చలిని, తేమను బట్టి దాని రూపం మారుతుంది.

వానచుక్కల లెక్క

వాన పడినప్పుడు కూడా ఊరుకోలేదు. చుక్క ఎంత లావుంటుందో కొలవాలనుకున్నాడు. పడే చుక్కను ఎవరు పట్టుకోగలరు? ఆయన పళ్లెంలో మెత్తటి పిండి ఒక అంగుళం మందాన పోసి కొన్ని సెకన్లు వానలో పెట్టేవాడు. చుక్క పిండిలో పడి ఉండ అవుతుంది. ఆరాక ఆ ఉండను కొలిచేవాడు. కొలత తెలిసిన చుక్కల్ని ముందు పిండిలో వేసి, ఉండ ఎంత వస్తుందో సరిచూసుకున్నాడు. 300 పైగా కొలతలు తీసి 1904లో ప్రచురించాడు. అన్నిటికన్నా పెద్ద చుక్క సుమారు 6 మిల్లీమీటర్లు వచ్చింది.

నేను కూడా చేశాను. మెస్సులో వంట చేసే అక్కను అడిగితే పళ్లెంలో కొంచెం చోడిపిండి పోసి ఇచ్చింది. వానలో అయిదు లెక్క పెట్టి తీసేశాను. చిన్న చిన్న ఉండలు నిజంగానే వచ్చాయి. ఆవగింజంతవి ఎక్కువ, మిరియమంతవి రెండే. తర్వాత పళ్లెం నేనే కడిగి ఇచ్చాను.

పేరు ఎలా వచ్చింది

చాలా ఏళ్లు ఆయన సంగతి ఊరు దాటలేదు. ఊళ్లో వాళ్లు ఆయన్ని కొంచెం తిక్క మనిషి అనుకొనేవారు. మంచు ఊరంతా ఉంది, దాన్ని చూసేదేముంది అని వాళ్ల ఆలోచన. 1898లో వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో పెర్కిన్స్ అనే ప్రొఫెసరు సాయం చేస్తే ఆయన ఫొటోలతో మొదటి వ్యాసం అచ్చయింది. ఆ తర్వాత అమెరికా వాతావరణ శాఖ పత్రికలో కూడా రాశాడు. బళ్లు, కాలేజీలు ఆయన ఫొటోల గాజు స్లైడులు కొనుక్కొనేవి. ఒక్కోటి 5 సెంట్లకే ఇచ్చేవాడు. 1926 నాటికి ఈ పనికి సుమారు 15,000 డాలర్లు ఖర్చు పెట్టాడని, తిరిగి వచ్చింది 4,000 డాలర్లే అని లెక్క రాసి ఉంది. లాభం కోసం అయితే ఎప్పుడో మానేసేవాడు. 1924లో అమెరికా వాతావరణ శాస్త్ర సంఘం ఆయనకు పరిశోధనకని డబ్బు ఇచ్చింది. అది 25 డాలర్లు.

ఆయన మీద వచ్చిన మాట

గొప్పవాళ్ల గురించి రాసేటప్పుడు మంచి మాత్రమే రాస్తాం. కాని ఇది కూడా రాయాలి. జర్మనీలో హెల్మాన్ అనే వాతావరణ శాస్త్రవేత్త బెంట్లీ ఫొటోలను తప్పు పట్టాడు. బెంట్లీ నెగటివ్‌ల మీద కత్తి వాడేవాడు. అది నిజమే. కారణం ఏమిటంటే, మంచు తెల్లన, వెనక వెలుతురూ తెల్లన. అట్లాగే అచ్చు వేస్తే బొమ్మ సరిగ్గా కనిపించదు. అందుకని నెగటివ్‌లో మంచు రేకు చుట్టూ ఉన్న పూతను కత్తి మొనతో గీకేసేవాడు. అప్పుడు అచ్చులో చుట్టూ నల్లగా వచ్చి రేకు తెల్లగా మెరుస్తుంది. ఒక్కోదానికి గంటలు పట్టేది. అసలు నెగటివ్‌ను ముట్టుకోకుండా, దానికి నకలు తీసి ఆ నకలునే గీకేవాడు. ఎవరికి అనుమానం వచ్చినా అసలుది చూడొచ్చు.

ఇంకో లోపం కూడా ఉంది. ఆయన అందమైనవే ఎక్కువ ఎంచుకొనేవాడు. నిజానికి ఆకాశం నుంచి రాలే వాటిలో విరిగినవి, వంకరవి, ముద్దగా ఉన్నవే ఎక్కువ. ఆయన ఫొటోలు మాత్రమే చూసినవాళ్లు మంచంతా చక్కటి ముగ్గులే అనుకుంటారు. ఫొటో అబద్ధం చెప్పదు గాని, దేన్ని ఫొటో తియ్యాలో ఎంచుకొనేది మనిషే. ఇది చదివాక నాకు మా ఉల్లిపొర బొమ్మలు మళ్లీ గుర్తొచ్చాయి. మేమూ అందంగా ఉన్నదే గీశాం, ఉన్నది గియ్యలేదు. బెంట్లీ మాత్రం కత్తి పట్టినా రేకు లోపలి గీతల్ని మార్చలేదు, అసలుది దాచి ఉంచాడు. మాకు అసలుది లేదు, మేం దాన్ని సరిగ్గా చూడనే లేదు.

చివరి రోజులు

తండ్రి 1887లో, తల్లి 1906లో చనిపోయారు. బెంట్లీ పెళ్లి చేసుకోలేదు. అదే ఇంట్లో ఒక పక్క ఆయన, ఒక పక్క అన్న కుటుంబం ఉండేవాళ్లు. పియానో వాయించేవాడు. 1931లో వాతావరణ శాఖలో పనిచేసే హంఫ్రీస్ అనే శాస్త్రవేత్తతో కలిసి పుస్తకం తెచ్చాడు. అందులో 2,400 పైగా ఫొటోలు ఉన్నాయి. దాదాపు 47 చలికాలాల పని అది.

పుస్తకం వచ్చిన కొద్ది వారాలకే మంచు తుఫానులో మైళ్ల దూరం నడిచి ఇంటికి వచ్చాడు. న్యుమోనియా పట్టుకుంది. 1931వ సంవత్సరం డిసెంబరు 23న అదే ఇంట్లో చనిపోయాడు. అప్పటికి 66 ఏళ్లు. ఎంతో ఇష్టపడిన మంచులోనే జబ్బు పడ్డాడు.

ఆ పుస్తకం జపాన్‌లో నకాయా అనే శాస్త్రవేత్త చూశాడు. ఆయన 1936లో చల్లటి గదిలో కుందేలు వెంట్రుక మీద మొట్టమొదటిసారి మంచు స్ఫటికాన్ని పెంచాడు. ఎంత చలికి ఏ రూపం వస్తుందో కనిపెట్టాడు. సున్నాకు 5 డిగ్రీలు కిందైతే సూదుల్లాంటివి, 15 డిగ్రీలు కిందైతే కొమ్మల నక్షత్రాలు. అంటే మంచు రేకును చూసి పైన మేఘం ఎలా ఉందో చెప్పొచ్చు. బెంట్లీ గాజు నెగటివ్‌లు ఇప్పటికీ అమెరికాలో మ్యూజియంలో దాచి ఉంచారు. కరిగిపోయిన మంచు కరగకుండా ఉంది.

మొన్న సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మకు ఈయన కథంతా చెప్పాను. అమ్మ చోళ్లు చెరుగుతూ విన్నది. అంతా విని ఒక్కటే అడిగింది. మంచు పడినప్పుడల్లా ఆయన ఫొటోలు తీసుకుంటూ ఉంటే ఆ పూట ఆవుల పాలు ఎవరు పితికారు అని. నాకు ఏ పుస్తకంలోనూ ఆ అనుమానం రాలేదు. ఆలోచిస్తే, ఆయనే పితికి ఉండాలి, లేకపోతే అన్న పితికి ఉండాలి. పని మానేసి చూడలేదు, పని చేసుకుంటూ చూశాడు. మర్నాడు తెల్లవారుజామున అమ్మ నన్ను లేపి పెరట్లోకి తీసుకుపోయింది. చలికి గడ్డి మీద మంచు పేరుకొని ఉప్పు చల్లినట్టు తెల్లగా ఉంది. అమ్మ వంగి ఒక గడ్డిపరకను చాలాసేపు చూసింది. ఆమె ఏం చూసిందో నేను అడగలేదు. నేను కూడా పక్కన కూర్చొని చూశాను. ఎండ రాగానే అది పోయింది.

బడికి తిరిగి వచ్చాక మేడాన్ని అడిగి ఉల్లిపొర మళ్లీ చూశాను. ఈసారి పుస్తకం మూసేసి గీశాను. గాలి బుడగ ఉంది, మడత ఉంది, ఒక గది గోడ వంకరగా ఉంది. బొమ్మ అందంగా లేదు. కాని అది నేను చూసిందే. ఈ వ్యాసం కింద అంటించాను, చూడండి.

చెల్లెళ్లూ, సూక్ష్మదర్శిని చూడాలని ఉంటే మేడాన్ని అడగండి, ఇస్తారు. వంగి చూసేటప్పుడు ఊపిరి అద్దానికి తగలనివ్వకండి. పుస్తకంలో బొమ్మ తర్వాత చూడొచ్చు.

– 9వ తరగతి విద్యార్థిని